తాళం పడ్డ చల్ల

ఆ మాత్రల డబ్బా కిటికీలో పెట్టి ఇటు రా బిడ్డా. నా పక్కకు జరుగు, నడుముకు దిండు ఆనించుకో, కాళ్ళు చాపుకో. డాక్టరమ్మ నీకు రాసిచ్చిన ఆ మందు పేరు నాకు నోరు తిరగదు. కానీ కడుపుతో ఉన్న మనిషి పేగులకు మేలు చేసే జీవాలు అందులో ఉన్నాయని, పెరుగులోనూ అట్లాంటివే ఉంటాయని ఇందాక కాగితం చదివి చెప్పావు చూడు, ఆ మాట మా ఊళ్ళోకి మొదట ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. వచ్చిన రోజే దానికి తాళం పడింది. చెప్పేటప్పుడు నా గొంతు పెరిగితే బెదరకు. పదేళ్ళయినా ఆ కోపం పోలేదు. పోవద్దు కూడా.

అది ఎనభై ఆరు వేసవి. అప్పుడు మేముండే ఊరు ధర్మపురికి రెండు కోసుల దూరం. గోదావరి సన్నగా ఒక పాయ కట్టి పారుతున్నది. ఊళ్ళో చొక్కారావు దొర ఇంట్లో పది బర్రెల పాడి. రోజు విడిచి రోజు వెనక పంచలో చల్ల చిలికేవాళ్ళు. చిలికేది కొమురవ్వ, నా తోడికోడలు. పొద్దు పొడవక ముందే పోయి, గుంజకు కవ్వం బిగించి, బానలో పెరుగు పోసి కూర్చునేది. ఎంత పెరుగుకు ఎన్ని నీళ్ళు పట్టాలో ఆమె చెయ్యికే తెలుసు. తాడు లాగుతుంటే మొదట బరువుగా దబదబమనేది, తర్వాత తేలికై గలగలమనేది. ఆ గలగల వినగానే చెయ్యి ఆపి, అరచెయ్యి బోర్లించి వెన్న దగ్గరికి తీసి, ముద్దచేసి నీళ్ళ గిన్నెలో వేసేది.

వెన్న దొరసానిది. చల్ల ఊరిది. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు. తెల్లారేసరికి ఆడవాళ్ళు గురుగులు, చెంబులు పట్టుకొని వెనక వాకిట్లో నిలబడేవాళ్ళు. చల్ల అడిగిన మనిషిని లేదని పంపితే పాడికి మంచిది కాదనేవాళ్ళు. మొదటి చెంబు చిలికిన మనిషిది. అదే ఆమె కూలి. తోడుకు వేరే పద్ధతి. పెరుగు విరిగి, ఇంట్లో తోడు లేకుండా పోతే, ఆ ఇంటి ఆడమనిషే గిన్నె పట్టుకొని ఇంకో ఇంటికి పోయి అడగాలి. పనివాళ్ళను పంపితే తోడుకోదని నమ్మకం. దీపం పెట్టిన తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఆ బుధవారం కొమురవ్వ మనసు తాడు మీద లేదు. ఆమె బిడ్డ ఐలవ్వ తొలిచూలు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల. మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే సర్కారు దవాఖానలో మాత్రలిచ్చారు. జ్వరం పోయింది, బేదులు పట్టుకున్నాయి. ముందటి రోజు మళ్ళీ పోతే డాక్టరమ్మ కడుపు తడిమి చూసి, బిడ్డ బరువు పెరగలేదు అన్నది. "మందులకు కడుపుల మంచి చేసేవి కూడ కొట్టుకపోయినయి. దీనికి గోలీలున్నయి గని మా దగ్గర రావు. ఉప్పు చక్కెర నీళ్ళు ఆపొద్దు. పూటకో చెంబు చల్ల తాగియ్యి. సోమవారం దాక చూస్తా. తగ్గకుంటే కరీంనగరం పెద్ద దవాఖానల షరీకు చెయ్యాలె" అన్నది.

చల్ల అనగానే కొమురవ్వకు ఊపిరి వచ్చింది. ఇంకేదన్నా చెప్పి ఉంటే ఎక్కడినుంచి తేవాలని పరేషాన్ అయ్యేది. చల్ల తన చేతి కిందిదే గదా!

గలగల వినబడింది. వెన్న తీసింది. తన చెంబు బాన దగ్గరికి జరుపుకుంటుంటే చిన్న దొరసాని ప్రమోదిని బయటికి వచ్చింది. ఆదిలాబాద్ పిల్ల. ఆరో నెల. ఈ పిల్లకూ అదే రోగం, అవే బేదులు. కరీంనగరంలో పెద్ద డాక్టరుకు చూపించుకొని రాత్రే వచ్చారు. చేతిలో గోలీల డబ్బా.

"కొమురవ్వా, గిది చూసినవా? గీ గోలీలల్ల పెరుగుల ఉండేటియే ఉన్నయంట. పానమున్నయి, కంటికి కనవడయి. పూటకొకటి మింగి, రెండు గిన్నెల పెరుగు తినుమన్నడు డాక్టరు."

"అట్లనా బిడ్డా! మా ఐలవ్వకు సుత గదే మాట చెప్పింది డాక్టరమ్మ."

"మా అవ్వ మొత్తుకునేది, రోజూ తాక్ తాగవే అని. మా దిక్కు చల్లను తాక్ అంటరు. నేనే ఇనలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. గడపలో నిలబడి వింటున్న పెద్ద దొరసాని జానకీబాయి నవ్వలేదు. కోడలి చేతిలో డబ్బా తీసుకొని అటూ ఇటూ తిప్పింది, బానలోకి చూసింది, వాకిట్లో నిలబడ్డ గురుగుల వైపు చూసింది.

"పెరుగుల గంత సత్తువ ఉన్నదా?"

"ఉన్నదన్నడు అత్తమ్మా."

"మరి ఇన్నేండ్ల సంది నా ఇంటి సత్తువంత ఊరోళ్ళ గురుగులల్ల పోసిన్నా?"

కొమురవ్వ చెంబు బాన అంచుకు ఆనించి వంచబోతున్నది. జానకీబాయి ఒక వేలు చూపించింది, అంతే. "ఆగు. నా మనుమని నోటికాడిది అది. నేను చెప్పేదాక చుక్క బయటికి పోవద్దు."

"అత్తమ్మా, ఇంట్ల ఉన్నది నలుగురం. బానెడు చల్ల ఎవలు తాగుతరు?" అన్నది ప్రమోదిని.

"ఫ్రిజ్జున్నది గదా."

ఆ ఎండాకాలమే కొన్నారు ఆ ఫ్రిజ్జు. మనిషెత్తు, గోధుమ రంగు, తలుపుకు తాళం. చల్లంతా స్టీలు డబ్బాలలో నింపి అందులో పెట్టించింది. ఆ రోజు పెరుగు, తోడు గిన్నె, ఎండకు పాడవుతాయని చెప్పిన ఆ గోలీలు కూడా అందులోకే పోయాయి. తాళం తిరిగింది, చెవి ఆమె బొడ్లోకి పోయింది.

వాకిట్లో ఉన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నా నోరు ఊరుకుంటుందా? "ఓ కొమురక్కా, చల్లకు సుత బేడీలేసిండ్రా? ఏం తప్పు చేసిందట?" అన్నాను. అందరూ నవ్వారు. కొమురవ్వ నవ్వలేదు. ఖాళీ చెంబు కొంగు కింద పెట్టుకొని మా ముందు నుంచే పోయింది. దొంగతనం చేసిన మనిషి లాగా పోయింది, తన కూలి తనకు ఎగ్గొట్టిన రోజున!

శుక్రవారం మళ్ళీ చిలికే దినం. ఐలవ్వ గోడ పట్టుకొని నడుస్తున్నది. పెదవులు ఎండి తెల్ల పొరలు లేస్తున్నాయి. కొమురవ్వ పోవద్దనుకొని కూడా పోయింది; అడిగితే ఇస్తారేమో అన్న ఆశ. కవ్వం కట్టింది, చిలికింది, వెన్న తీసింది. చెయ్యి కడుక్కొని లేచి నిలబడింది.

"దొరసానీ, నా వంతు చెంబెడు పొయ్యిండ్రి. నాకోసం కాదు. పిల్ల కడుపు జారిపోతున్నది."

"కూలికి జొన్నలిస్తా, తీస్కపో."

"జొన్నలు నేనేం చేసుకోను? దానికి గట్టిది ఇముడుత లేదు."

జానకీబాయి మాట వినిపించుకోకుండా ఫ్రిజ్జు తెరిచింది. కరెంటు సరిగా లేక లోపల సగమే చల్లగా ఉన్నది. బుధవారం నాటి డబ్బాలు పులిసి, మూతలు తన్నుకొని వాసన వస్తున్నాయి. కొత్తదానికి చోటు లేదు.

"గీ రెండు డబ్బాలు తీస్కపోయి మోరీల పారబొయ్యి. జాగ కావాలె."

కొమురవ్వ డబ్బాలు పట్టుకొని అక్కడే నిలబడింది. "పారబోసేది నా గిన్నెల పొయ్యరాదుండ్రి? జర నీళ్ళు కలుపుకుంటం."

"పులిసింది తాగి నీ బిడ్డకు ఇంకింత ఎక్కువైతే నా పేరు చెప్తవు. పారబొయ్యి అన్న."

మురికినీళ్ళు పోయే మోరీ పెరటి గోడ దగ్గర. కొమురవ్వ మొదటి డబ్బా వంచింది. చల్ల తెల్లగా రాళ్ళ మీద పడి, బురదలో గీత లాగా సాగి, గోడ కింది కంతలోంచి బయటికి పోయింది. గోడ అవతల కుక్క ఒకటి వచ్చి నాకుతున్న చప్పుడు. రెండో డబ్బా వంచేటప్పుడు పట్టు జారింది. ఒలికి కాళ్ళ మీద పడింది. చల్లగా ఉన్నది. రెండు రోజులుగా బిడ్డ గొంతు తడవడానికి వెతుకుతున్న చల్లదనం పాదాల మీదినుంచి కారిపోతున్నది. వెనక గడపలో జానకీబాయి నిలబడి చూస్తున్నది, ఒక గుక్క ఎక్కడ దాస్తుందో అని.

పారబోసిన మనిషి చెయ్యి నాకు చూపించింది తర్వాత. "గీ చేత్తోని చేసిన్నే శంకరవ్వా. గీ చేత్తోనే పారబోసిన్నే" అని గోడకు కొట్టుకున్నది. నేను పట్టుకున్నాను. దాన్ని పట్టుకున్నాను గానీ నాకే ఆ ఇంటి మీదికి రాయి విసరాలని ఉన్నది.

ఆమె మాత్రం ఆ ఇంట్లో గొడవ పెట్టుకోలేదు. డబ్బాలు కడిగి బోర్లించింది. కవ్వం విప్పి, కడిగి, నీడలో నిలబెట్టింది. తాడు చుట్టి జానకీబాయి చేతికి ఇచ్చింది. "రేపటి సంది నేను రాను దొరసానీ" అన్నది. పని మానేసిన కోపంలో కూడా కవ్వం ఎండలో పెట్టలేదు చూడు. పగులుతుందని.

ఇంటికి వచ్చి ఉట్టి మీది గురిగి దించింది. సోమవారం చల్ల తాగిన గురిగి, కడగకుండా ఉన్నది. అంచున తెల్లగా ఒక చార, అడుగున ఒక చెంచాడు పులుసు. అంతే.

"శంకరవ్వా, నీ మేక పాలు ఎన్నిస్తది?"

"గ్లాసెడు. నా మనుమనికి పోంగ."

"అరగ్లాసు ఇయ్యి."

పాలు కాచి, చిటికెన వేలు ముంచి చూసింది. వేలు ఓర్చుకునే వేడి దాకా ఆగింది. గురిగి అంచున ఆ చారను వేలితో గీకి, అడుగు పులుసుతో కలిపి పాలలో వేసింది. మూత పెట్టి, తడి ఇసుకలో సగం దాకా పాతింది. రాత్రంతా గాలి తగలకుండా గొంగడి కప్పింది. నేను నవ్వాను: "బాలింత లెక్క చూస్తున్నవు గదనే." ఆమె నవ్వకుండా అన్నది, "గిది సస్తే ఇంక నాకు తోడు ఇచ్చే ఇల్లు లేదు."

తెల్లారి చూస్తే తోడుకున్నది. మేకపాల పెరుగు, పలచగా, వాసనగా. చెంచాడు మళ్ళీ తోడుకు తీసి, మిగిలింది ఉప్పు వేసి గిలకొట్టి ఐలవ్వకు తాగించింది. ఆ మాట వాడలో పాకింది. అవతలి రోజు హనుమండ్లు పెండ్లాం అమ్మే పాలలోంచి గిన్నెడు బర్రెపాలు తెచ్చింది. ఇంకొకామె అరగిన్నె. పాలు పోసినవాళ్ళు, పోయలేనివాళ్ళు అందరూ పొద్దున గురుగులు పట్టుకొని కొమురవ్వ వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి గరిటెడే. ఐలవ్వకు మాత్రం పూటకో చెంబు.

సోమవారం దవాఖానకు పోతే డాక్టరమ్మ నాలుక చూసి, చెయ్యి గిచ్చి చూసి, "తేరుకున్నది. కరీంనగరం వద్దు. ఉప్పు చక్కెర నీళ్ళు సుత ఆపకు" అన్నది. కొమురవ్వ దవాఖాన మెట్ల మీదే ఐలవ్వను కూర్చోబెట్టి వెంట తెచ్చిన చల్ల తాగించింది.

ఈలోపు దొర ఇంట్లో ఏమైందో విను. ఆదివారం పొద్దున జానకీబాయి మనుమడు పుట్టాలని మొక్కి, దొరనూ కొడుకునూ తీసుకొని వేములవాడ పోయింది. సోమవారం దర్శనం చేసుకొని, మొక్కుబడి కోడెను గుడి దగ్గర కట్టి, మంగళవారం వస్తుంది. తాళం చెవి ఆమె బొడ్లోనే పోయింది. ఆదివారం మధ్యాహ్నమే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆ ఎండల్లో ఆ ఇనుప బీరువాలో పాలు, పెరుగు, చల్ల, తోడు, పట్నం గోలీలు అన్నీ ఉడికాయి. ప్రమోదిని తలుపు లాగింది, జీతగాడు దశరథం సుత్తె తెస్తానన్నాడు. అత్త వచ్చి ఏమంటుందోనని ఆ పిల్ల వద్దన్నది. దానికి బేదులు తగ్గనే లేదు. తలుపు సందులోంచి వాసన ఇల్లంతా పట్టింది.

సోమవారం పొద్దు గూకింది. కొమురవ్వ అప్పుడే గూట్లో దీపం పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. వాకిట్లో ప్రమోదిని, ఒక్కతే. చేతిలో వెండి గిన్నె. మొహం పాలిపోయింది, చెవుల దాకా చెమట.

"కొమురవ్వా, జర తోడు ఇస్తవా?"

నేనే అందుకున్నాను. "దీపం పెట్టినంక తోడా? మీ ఇంట్ల అంత పెద్ద బీరువ నిండ ఉన్నది గదా చిన్న దొరసానీ!"

ఆ పిల్ల గిన్నె కొంగులో దాచుకొని వెనక్కి తిరిగింది. తిరిగి, ఆగి, దర్వాజ పట్టుకున్నది. కళ్ళు తిరిగినట్టున్నాయి. కొమురవ్వ లేచింది. చెయ్యి పట్టి లోపలికి తెచ్చి, ఐలవ్వ పక్కన చాప మీద కూర్చోబెట్టింది. ఇద్దరు కడుపుతో ఉన్న పిల్లలు, గోడకు ఆనుకొని, ఒకే తీరు ఎండిన పెదవులతో. కొమురవ్వ చల్ల గిలకొట్టి, ఐలవ్వ చెంబుతోనే ఆ పిల్లకు ఇచ్చింది. ఆ పిల్ల రెండు చేతులా పట్టుకొని దించకుండా తాగింది.

"మేకపాలది. వాసనొస్తది" అన్నది ఐలవ్వ.

"రానీ. ఇంకింత ఉన్నదా?"

అప్పుడు అన్నది కొమురవ్వ. గొంతు పెంచలేదు. "చిన్న దొరసానీ, చల్ల నువ్వెప్పుడొచ్చినా పోస్తా. దినాం రా. తాగి పో. తోడు మాత్రం నీకియ్య. మీ ఇంట్ల తాళపుచెవి ఎవల బొడ్ల ఉన్నదో, గిన్నె వట్టుకొని వాళ్ళే రావాలె."

మంగళవారం జానకీబాయి వచ్చి ఫ్రిజ్జు తెరిచింది. దశరథం ముక్కుకు తువ్వాల కట్టుకొని డబ్బాలన్నీ మోసుకుపోయి అదే మోరీలో పారబోశాడు. కుక్క కూడా రాలేదు. గోలీలు డబ్బాలోనే కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. కోడలు ఎక్కడ తాగిందో తెలిసి ఆమె అరిచిన అరుపు మా వాడ దాకా వినబడింది. "మంది ఇంట్ల మేకపాల చల్ల తాగుతవా? మన ఇంటి ఇజ్జతు ఏం కాను?"

"మన ఇంట్ల ఉన్నది తాళమే గదా అత్తమ్మా" అన్నదట ఆ పిల్ల. బుధవారం పొద్దున మళ్ళీ మా వాడకు వచ్చి, పట్టపగలు, అందరూ చూస్తుండగా కూర్చొని తాగింది.

జానకీబాయి ధర్మపురిలో తన చుట్టాల ఇంటికి దశరథాన్ని తోడుకు పంపింది. ఆ ఎండలో సైకిల్ మీద వచ్చేసరికి తోడు పొంగి, విరిగి, నీళ్ళయింది. రాత్రి పాలలో వేస్తే తెల్లారికి తీగలు సాగింది. అప్పుడు దశరథాన్ని గిన్నె ఇచ్చి కొమురవ్వ దగ్గరికి పంపింది.

"కొమురక్కా, దొరసాని తోడు తెమ్మన్నది" అన్నాడు వాడు, నేల చూస్తూ.

"నీ ఇంట్లకా, ఆమె ఇంట్లకా?"

"ఆమె ఇంట్లకే."

"మరి ఆమెకు కాళ్ళు లెవ్వా? తోడుకు జీతగాండ్లను పంపుతరా? గీ ఊరి మనిషివే గదరా నువ్వు."

వాడు తిరిగిపోతూ నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

పొద్దు కొంచెం ఎక్కింది. మేము ఏడుగురం ఆడవాళ్ళం వాకిట్లో ఎండలో నిలబడి ఉన్నాం. కొమురవ్వ గడపలో కూర్చొని ఒక్కొక్కరి గురిగిలో గరిటె వంచుతున్నది. మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనక్కి చూస్తే జానకీబాయి. పట్టుచీర కాదు, ఇంట్లో కట్టుకునేది. చేతిలో వెండి గిన్నె. ఆమె వస్తే పక్కకు జరగడం మా కాళ్ళకు పుట్టినప్పటినుంచి అలవాటు. నా కాలు కదిలింది కూడా. కొమురవ్వ తల ఎత్తకుండానే అన్నది, "శంకరవ్వా, ముంగటికి రా. నీ వంతు." కాలు వెనక్కి తీసుకున్నాను. ఎవరూ జరగలేదు. ఆమె ఎనిమిదో మనిషిగా నిలబడింది.

ఒకరి తర్వాత ఒకరు. గరిటె వంగుతూనే ఉన్నది. ఆమె వంతు వచ్చింది. గిన్నె చాపింది. కొమురవ్వ గిన్నె అడుగున చెయ్యి పెట్టి చూసింది.

"గిన్నె కాలుతున్నది దొరసానీ. ఎండల వట్టుకొచ్చిండ్రు. గిట్ల ఏస్తే తోడు సస్తది. గా చూరు కింద నీడకు నిలవడుండ్రి. సల్లవడంగనే ఏస్తా."

అది అబద్ధం కాదు. తోడు తెలిసిన ఎవరైనా అదే చెప్తారు. జానకీబాయి మూడు అడుగులు వేసి, తాటాకుల చూరు కింద, మా మేక కట్టేసి ఉన్న గుంజ పక్కన నిలబడింది. ఆమె వెనక ఇంకా నలుగురు వచ్చారు. వాళ్ళకు పోసింది. కొమ్ము ఊదే ముసలాయన తాగి, మూతి తుడుచుకొని, ఆమెను చూసి దండం పెట్టబోయి, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక అట్లనే వెళ్ళిపోయాడు. మేక ఆమె కొంగు నమలబోతే తనే లాక్కున్నది. కొమురవ్వ అందరికీ పోసి, గరిటె కడిగి, అప్పుడు వచ్చి మళ్ళీ గిన్నె ముట్టుకున్నది. ఒక చెంచాడు వేసింది.

"ఎన్ని పాలకు?" అన్నది జానకీబాయి. ఆ ఇంట్లో నలభై ఏళ్ళు పెరుగు తిన్న మనిషికి ఆ సంగతి తెలియదు.

"శేరు పాలకు. వేలు ఓర్సుకునేంత వేడి. తలుపు లేని కాడ పెట్టుండ్రి."

ఆమె గిన్నె మీద కొంగు కప్పుకొని నిలబడింది. "చిలికేటందుకు వస్తవా?"

"బాన ఎప్పటి తీరు ఎనుక పంచల ఉంటే వస్తా."

ఆమె గిన్నె పట్టుకొని పోయింది. శనివారం మేము పోయి చూస్తే బాన వెనక పంచలో ఉన్నది, కవ్వం గుంజ దగ్గర ఉన్నది. కొమురవ్వ మొదటి చెంబు తనకు నింపుకొని, పక్కన పెట్టుకొని, అప్పుడు మా వైపు తిరిగింది. ఫ్రిజ్జులో తర్వాత మామిడి తొక్కు జాడీలు పెట్టుకున్నారట.

ఐలవ్వకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. చల్ల వల్లనే బతికిందని నేను అనను. డాక్టరమ్మ ఉన్నది, ఉప్పు చక్కెర నీళ్ళున్నాయి, దాని గట్టితనం ఉన్నది. ప్రమోదినికీ ఆడపిల్లే. నీ గోలీలు నువ్వు మింగు బిడ్డా, నేను వద్దనను. డాక్టరు చెప్పింది చెయ్యి.

జానకీబాయి మంచిదైపోయిందని మాత్రం ఎవరికీ చెప్పకు. ఆమె మారలేదు. నిలబడింది, అంతే. రేపు నీ కడుపులో పిల్ల పుట్టి పెరిగి, పెరుగు ఎట్లా తోడు పెట్టాలని అడిగితే పాలు, వేడి, చెంచా అన్నీ నేర్పు. నేర్పేటప్పుడు, ఆ చూరు కింద మేక పక్కన గిన్నె చల్లబడే దాకా ఒకామె నిలబడిన సంగతి కూడా చెప్పు. పక్కకు జరగబోయిన నా కాలు సంగతి వదిలిపెట్టకు. దాన్ని కూడా చెప్పు.